బులెటిన్‌లో మంచు చరియల ప్రమాదం లెవెల్ 3 ఉంది, వచ్చే వారం శీతాకాలపు క్లైంబ్‌కు వెళ్లొచ్చా?

కొత్తదారి

అందరికీ నమస్కారం. వచ్చే వారం నలుగురం కలిసి ఒక శిఖరానికి వెళ్దామనుకుంటున్నాం. వేసవిలో ఎక్కిన శిఖరమే, దారి తెలుసు. క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ వాడటం నలుగురికీ వచ్చు. చివరి భాగంలో ఉత్తరం వైపు తిరిగిన వెడల్పాటి వాలు ఒకటి దాటాలి. అది దాటితే రిడ్జ్ (కొండ పైగట్టు), అక్కణ్నుంచి శిఖరం దగ్గరే.

నాలుగు రోజుల కిందట మంచు బాగా కురిసింది. ఆ వెంటనే రెండు రోజులు నైరుతి నుంచి గట్టి గాలి. ఇప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది, రాత్రిళ్లు విపరీతమైన చలి. అవలాంచ్ బులెటిన్‌లో 5కి 3 అని ఉంది (మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని ఐదు మెట్లలో చెప్పే హెచ్చరిక అది). మాలో ఒకరు "మూడంటే మధ్యస్థమే కదా, పర్లేదు" అంటున్నారు. గైడ్‌ని అడిగితే మొన్నే ఒక టీమ్ అదే దారిలో వెళ్లొచ్చిందన్నారు. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

వాలుకోణం

కొత్తదారి గారూ, ముందు ఆ "మధ్యస్థం" సంగతి చూద్దాం. ఈ ఐదు మెట్ల కొలమానం 1993లో యూరప్ దేశాలు కలిసి ఒప్పుకున్నది. చాలా పర్వత ప్రాంతాల్లో ఇప్పుడు ఇలాంటి ఐదు మెట్ల పద్ధతే నడుస్తోంది. అందులో మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం సమానం కాదు. 1 నుంచి 2కి, 2 నుంచి 3కి వెళ్తున్నకొద్దీ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే 3ని పరీక్షలో యాభై మార్కుల్లా చూడకూడదు. ఆ మెట్టుకు వాళ్లిచ్చిన వివరణ చదవండి: బులెటిన్ చెప్పిన నిటారు వాలుల మీద తక్కువ బరువు పడినా చరియ కదలొచ్చు. "తక్కువ బరువు" అంటే స్కీ మీద మెల్లగా వెళ్లే ఒక్క మనిషి. బూట్లతో నడిచే క్లైంబర్‌ని వాళ్లు "ఎక్కువ బరువు" జాబితాలో వేశారు. స్కీ మీద ఉన్నవాళ్ల బరువు మంచు మీద పరుచుకుంటుంది. మన బరువు ఒక్క పాదం కింద లోతుగా దిగుతుంది. మనలాంటి వాళ్లకు ఇది చాలా ముఖ్యమైన మాట, ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పరు.

ఇంకో సంగతి. అవలాంచ్ మరణాల్లో పెద్ద వాటా ఈ లెవెల్ 3 రోజుల్లోనే పడుతుంది. 4, 5 ఉన్నప్పుడు చరియలు వాటంతట అవే విరిగిపడుతుంటాయి, ప్రమాదం కంటికి కనిపిస్తుంది కాబట్టి జనం ఆగిపోతారు. 3 ఉన్నప్పుడు కొండ ప్రశాంతంగా ఉంటుంది, ఎండ కాస్తుంది, అందరూ బయల్దేరతారు. మనుషులు చిక్కుకున్న చరియల్లో పదింట తొమ్మిది, ఆ చిక్కుకున్నవాళ్లో వాళ్ల జట్టులో వాళ్లో కదిలించినవే.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఆ ఉత్తరపు వాలు ఎన్ని డిగ్రీలు? మిగతావన్నీ అంచనాలే. కోణం ఒక్కటే ఇంట్లో కూర్చుని కూడా కచ్చితంగా తెలుసుకోగలిగింది. పలకలా విరిగే చరియలు దాదాపు అన్నీ 30 నుంచి 45 డిగ్రీల మధ్య మొదలవుతాయి, 38 చుట్టుపక్కల మరీ ఎక్కువ. మ్యాప్‌లో 20 మీటర్లకొక కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఉంటే, పక్కపక్క గీతల మధ్య నేల మీద దూరం 35 మీటర్ల కంటే తగ్గిందంటే 30 డిగ్రీలు దాటినట్టే. 1:25,000 మ్యాప్ మీద అది ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా ఉండదు. చూసి చెప్పండి.

తాడు_ముడి

వాలుకోణం గారు చెప్పింది నిజమే కానీ, క్లైంబర్లకు ఒక చిక్కుంది. 30 డిగ్రీల లోపే తిరుగుతామంటే స్కీ వాళ్లకు కుదురుతుంది, ట్రెక్కర్లకు కుదురుతుంది. గల్లీలు (రాళ్ల మధ్య నిటారుగా ఉండే మంచు చాళ్లు), ఐస్ రూట్లు ఎక్కేవాళ్లకు కుదరదు. మరీ నిటారు గోడల మీద మంచు ఎప్పటికప్పుడు జారిపోతుంటుంది కాబట్టి పెద్ద పలకలు కట్టవు. మా వాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఎక్కేటప్పుడు కాదు. రూట్ మొదలయ్యే ముందు వాలులో, లేదంటే పైకెక్కేశాక దిగే దారిలో. దృష్టంతా ఐస్ మీద ఉంటుంది, దాని కింద ఉన్న ఆ వంద మీటర్ల వాలుని ఎవరూ పట్టించుకోరు.

గల్లీలో ఉన్నప్పుడు పైన పడే ప్రతిదీ ఆ గల్లీలోంచే కిందికొస్తుంది. బిలే పాయింట్ (నిలబడి తోటివాళ్ల తాడు పట్టుకునే చోటు) మధ్యలో పెట్టకండి, పక్క రాతి చాటున పెట్టండి. మనిషిని పూడ్చలేని చిన్న చరియ కూడా క్రాంపాన్ మీద నిలబడ్డవాణ్ని లాగేస్తుంది. కింద కొండ అంచు ఉంటే అంతే. చరియ సైజు కన్నా కింద ఏముందన్నదే చంపుతుంది.

నీలిమంచు

వాతావరణం మీరు చెప్పిన వరుస చూస్తే నాకు నిజంగా భయం వేస్తోంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మంచు ఒకేసారి కురిసింది కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. గట్టి పొర కింద పట్టులేని పొర ఉంటేనే పలక చరియ తయారవుతుంది. పట్టులేని పొర ఎలా పుడుతుందంటే, నేల దగ్గర మంచు దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలి మైనస్ ఇరవై ఉండొచ్చు. మంచు పలచగా ఉండి ఈ తేడా ఎక్కువైతే, అంటే ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకి ఒక డిగ్రీ దాటితే, లోపలి ఆవిరి పైకి కదులుతూ రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. అవి కోణాలు తేలి, ఒకదానికొకటి అంటుకోకుండా పంచదారలా తయారవుతాయి. చేతిలోకి తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కట్టదు. సీజన్ మొదట్లో కొంచెం మంచు కురిసి, తర్వాత వారాల తరబడి చలిగా, పొడిగా ఉంటే అడుగున ఈ పొర సిద్ధంగా ఉంటుంది. నిర్మలమైన రాత్రుల్లో మంచు పైన ఈకల్లాంటి తుషారం పెరుగుతుంది. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. దాని మీద కొత్త మంచు పడి పూడ్చేస్తే అదీ ఒక జారుడు పొరే.

కొత్త మంచులో ఉన్న అస్థిరత మామూలుగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే "నాలుగు రోజులైంది కదా" అన్న ధైర్యం వస్తుంది. కానీ ఈ పాత బలహీన పొరలు రోజుల్లో కాదు, వారాల్లో కూడా సర్దుకోవు. ఎండ తగలని ఉత్తరపు వాలుల్లో మరీ ఎక్కువ కాలం ఉంటాయి. హిమాలయాల్లో, ఆల్ప్స్‌లో, అంటే భూమధ్యరేఖకు ఉత్తరాన ఎక్కడైనా ఇంతే.

ఇక గాలి. ఆకాశం నుంచి కురిసే మంచు కంటే గాలి మోసుకొచ్చి పోసే మంచు ఎన్నో రెట్లు వేగంగా పేరుకుంటుంది. నైరుతి గాలి అంటే రిడ్జ్‌కి అవతల, అంటే ఉత్తరం, ఈశాన్యం వైపు పోస్తుంది. మీరు దాటాల్సింది సరిగ్గా ఆ వాలే.

మీ బులెటిన్‌లో అంకె కింద ఇంకా వివరాలు ఉంటాయి. ఏ దిక్కు వాలులు, ఎంత ఎత్తు పైన, ఏ రకం సమస్య అని. అది చదివి ఇక్కడ పెట్టగలరా?

కొత్తదారి

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. మ్యాప్ చూశాను, ఆ వాలు 36 డిగ్రీల దాకా వస్తోంది. బులెటిన్‌లో ఇలా ఉంది: ఉత్తరం, ఈశాన్యం, తూర్పు వాలులు, 3,000 మీటర్ల పైన, గాలి పోసిన మంచు, పాత బలహీన పొర. అన్నీ మా దారికే సరిపోతున్నాయి. వాలు కింద సన్నటి గల్లీ ఉంది, అందులో వేసవిలో వాగు పారుతుంది.

అక్కడికి వెళ్లాక మంచు తవ్వి పరీక్ష చేసుకుని నిర్ణయించుకుందాం అంటున్నాడు మా ఫ్రెండ్. అది సరైన పద్ధతేనా?

హిమయాత్రికుడు

స్నో పిట్ (పొరలు చూడటానికి మంచులో తవ్వే గొయ్యి) తప్పకుండా నేర్చుకోవాల్సిన విషయమే. 90 సెంటీమీటర్ల వెడల్పు, లోపలికి 30 సెంటీమీటర్లు ఉండేలా మంచు దిమ్మెని విడిగా కోస్తారు. ఒక చివర పార పెట్టి దాని మీద మణికట్టు నుంచి పది, మోచేయి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు కొడతారు. పగులు ఒక చివర మొదలై రెండో చివరిదాకా ఒక్కసారిగా పాకితే ఆ పొర ప్రమాదకరం. నేను కోర్సులో నేర్చుకున్నప్పటి నుంచి కొత్త చోటుకు వెళ్తే తవ్వకుండా ఉండను. కళ్ల ముందు పొరలు కనిపిస్తే ఆ కొండ ఆ సీజన్‌లో ఏం చూసిందో అర్థమవుతుంది. తవ్వమనే నా సలహా.

వాలుకోణం

హిమయాత్రికుడు గారూ, నేర్చుకోవడానికి తవ్వమంటే నేనూ ఒప్పుకుంటాను. నిర్ణయం కోసం తవ్వమంటే మాత్రం ఒప్పుకోను. ఒకే వాలు మీద పది అడుగుల తేడాలో మంచు మందం మారిపోతుంది. రాయి పొడుచుకొచ్చిన చోట పలచగా, పక్కనే మీటరున్నర లోతు. మీరు తవ్విన చోట గట్టిగా ఉందంటే, తవ్విన చోట గట్టిగా ఉందని మాత్రమే. పిట్ మనకు "వద్దు" అని చెప్పగలదు, "వెళ్లు" అని చెప్పలేదు. అంత దూరం నడిచి, చలిలో తవ్వి, శిఖరం ఎదురుగా కనబడుతుంటే, వచ్చిన ఫలితాన్ని మనకు కావలసినట్టు చదువుకోవడం కూడా సహజం.

పరీక్ష లేకుండానే కొండ కొన్ని చెప్తుంది. ఈ మధ్యే పడిన చరియల ఆనవాళ్లు పక్క వాలుల్లో కనిపించడం, అడుగు వేస్తే మంచు "వుమ్" అని కుంగడం, కాలి దగ్గర నుంచి పగుళ్లు దూసుకుపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా నిటారు వాలుల జోలికి వెళ్లకూడదు. దానికి పార అక్కర్లేదు.

హిమయాత్రికుడు

"వద్దు అని చెప్పగలదు" అన్నంత వరకు పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ కేసులో బులెటిన్ ముందే వద్దంటోంది కాబట్టి తవ్వి కొత్తగా తెలుసుకునేది తక్కువే.

రెండో_తాడు

ఎవరూ పట్టుకోని మాట ఒకటుంది. "మొన్నే ఒక టీమ్ వెళ్లొచ్చింది."

దీన్ని నమ్మి వెళ్లేవాళ్లే ఎక్కువ. బలహీన పొర అంతటా ఒకేలా ఉండదని పైన చెప్పారు కదా. మంచు మందంగా ఉన్నచోట పదిమంది నడిచినా వాళ్ల బరువు కిందిదాకా చేరదు. పదకొండో మనిషి రెండడుగులు పక్కకి, రాయి దగ్గర పలచటి చోట కాలు పెడితే అక్కడ మొదలైన పగులు వాలంతా పాకుతుంది. పాత అడుగుజాడలు వాళ్లు ఎక్కడ నడిచారో చెప్తాయి, వాలు గట్టిదని చెప్పవు.

అవలాంచ్ ప్రమాదాల వెనక మనుషుల ఆలోచన ఎలా నడుస్తుందో ఇయాన్ మెకామన్ అనే ఆయన చాలా ప్రమాదాల రికార్డులు తీసి చూశారు. తెలిసిన చోటు కదా అన్న ధీమా, ముందే అనుకున్నాం కాబట్టి వెళ్లాల్సిందే అన్న పట్టు, గ్రూపులో ఒకరికి అన్నీ తెలుసన్న నమ్మకం, వేరేవాళ్లు వెళ్లారన్న ధైర్యం ఇలాంటివి మళ్లీ మళ్లీ కనిపించాయి. కొత్తదారి గారి మొదటి పోస్టు మళ్లీ చదవండి. వేసవిలో ఎక్కిన శిఖరం, గైడ్ మాట, మొన్న వెళ్లొచ్చిన టీమ్. మూడూ ఉన్నాయి. తప్పు పట్టడానికి కాదు, మీకు టెన్షన్ వచ్చి ఇక్కడ అడిగారు చూడండి, ఆ టెన్షన్‌ని నమ్మండి.

గైడ్‌ని గౌరవించండి. గౌరవిస్తూనే "ఆ వాలు ఎన్ని డిగ్రీలు సార్? బులెటిన్‌లో బలహీన పొర అంటున్నారు, మీరేమంటారు?" అని అడగండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

ఉదయపు_శిఖరం

అనుభవం కాపాడుతుందని అనుకునేవాళ్ల కోసం రెండు సంఘటనలు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా-2 మీద నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ జట్టుని అవలాంచ్ తాకింది. 29 మంది పోయారు. వాళ్లలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. అదే ఏడాది మేలో పదహారు రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన మనిషి. ఆ వార్త చదివినప్పటి బాధ ఇప్పటికీ పోలేదు. 1997 డిసెంబర్ 25న అన్నపూర్ణ మీద అనతోలి బుక్రేయెవ్ పోయిందీ అవలాంచ్‌లోనే. పైన రిడ్జ్ అంచున వేలాడే కార్నిస్ (గాలి కట్టిన మంచు చూరు) విరిగి పడింది. ఆయనంత గట్టి శీతాకాల క్లైంబర్లు తక్కువ.

కార్నిస్ మాట వచ్చింది కాబట్టి, మీ రిడ్జ్ మీద కూడా నైరుతి గాలికి అవతలివైపు కార్నిస్ కట్టే ఉంటుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే కనిపిస్తుంది. విరిగేటప్పుడు మనం అనుకున్న గీత కన్నా వెనక్కి వచ్చి విరుగుతుంది. అంచు నుంచి బాగా దూరంగా, గాలి వచ్చే వైపు నడవండి.

బేస్‌క్యాంప్_వైద్యం

వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. పూర్తిగా పూడిపోయినవాళ్లని మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. ఆ తర్వాత బతికే అవకాశం నిలువుగా పడిపోతుంది, అరగంట దాటేసరికి చాలామందికి ఊపిరి ఆడదు. చంపేది ముఖ్యంగా చలి కాదు, ఊపిరాడకపోవడం. ఆగిన వెంటనే చరియ మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చెయ్యి కూడా కదల్చలేరు. దాదాపు నాలుగో వంతు మంది రాళ్లకు, చెట్లకు కొట్టుకునో, కొండ అంచు నుంచి పడో పోతారు. వాళ్ల విషయంలో ఎంత త్వరగా తవ్వినా లాభం లేదు. సియాచిన్‌లో 2016 ఫిబ్రవరిలో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికారు, ఆ తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. అది అరుదుల్లో అరుదు, దాని మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేయకూడదు.

పది నిమిషాలంటే బయటి రెస్క్యూ టీమ్ వచ్చే సమయం కాదు. మీ పక్కనున్నవాళ్లే తీయాలి. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్సీవర్ (పూడినవాళ్లని సిగ్నల్ ద్వారా వెతికే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. ప్రతి ఒక్కరి దగ్గరా అన్నాను. నలుగురికి రెండు సెట్లు చాలవు. సిగ్నల్ అన్ని కంపెనీలకూ ఒకటే, 457 కిలోహెర్ట్జ్, కాబట్టి ఏ బ్రాండైనా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మీ గల్లీ గురించి చదివాక చెప్తున్నాను: సన్నటి వాగు దారిలో కొద్దిపాటి మంచు కూడా లోతుగా పేరుకుంటుంది. రెండు మీటర్ల లోతున ఉన్న మనిషిని ముగ్గురు పది నిమిషాల్లో తీయడం చాలా కష్టం. ఎయిర్‌బ్యాగ్‌కి (చరియలో మనిషిని పైకి తేల్చే గాలి సంచి) ఉపయోగం ఉంది, కానీ ఇలాంటి గల్లీలో దాని ఉపయోగం తగ్గిపోతుంది.

చలి గురించి కూడా. గాలి లేని మైనస్ 10 వేరు. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఉంటే చర్మానికి అది మైనస్ 21లా తగులుతుంది. వేళ్లు మొద్దుబారి తెల్లబడితే రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే దారిలో కరిగించకండి. కిందికి చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో పెట్టాలి.

కొత్తదారి

నిన్న రాత్రి నలుగురం కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం గట్టిగా చదువుకున్నాం. ఆ ఉత్తరపు వాలు వదిలేస్తున్నాం. మా ఫ్రెండ్ కూడా ఒప్పుకున్నాడు. గైడ్‌కి ఫోన్ చేస్తే "కోణం అడిగారు, బాగుంది" అని ఆయనే పడమటి లోయలో ఇంకో దారి చెప్పారు. అక్కడ వాలు 25 డిగ్రీలు దాటదు, శిఖరం కాకపోయినా ఒక మంచి కొండ భుజం (శిఖరానికి కిందున్న చదును) దాకా వెళ్లొచ్చు. ఇది సేఫేనా?

వాలుకోణం

మీరు నడిచే వాలు 25 సరే. దాని పైన ఏముంది? ఇది అడక్కుండా ఎవరూ 25 అన్న అంకెను నమ్మకూడదు. పైన 40 డిగ్రీల ముఖం ఉంటే, అక్కడ విరిగిన చరియ మీ చదునైన దారి మీదికే వచ్చి ఆగుతుంది. బలహీన పొర బాగా పట్టులేకుండా ఉన్నప్పుడు కింద మీరు వేసిన అడుగుకే పగులు పైకి పాకి నిటారు భాగాన్ని విడిపించొచ్చు కూడా. మ్యాప్‌లో మీ దారికి పైన, పక్కన 30 దాటిన భాగాలన్నీ రంగు వేసి చూడండి.

కొత్తదారి

చూశాను. మొదటి రెండు కిలోమీటర్లకు పైన ఏమీ లేదు. తర్వాత ఎడమవైపు సుమారు 300 మీటర్ల మేర నిటారు ముఖం కింద నుంచి దారి వెళ్తుంది. లోయ అక్కడ వెడల్పుగా ఉంది, కుడివైపుకి బాగా జరిగి నడవొచ్చు. ఆ ముఖం తూర్పుకి తిరిగి ఉంది.

నీలిమంచు

తూర్పు అంటే బులెటిన్‌లో ఉన్న దిక్కే, పైగా పొద్దున్నే ఎండ తగిలేది కూడా దానికే. చీకటి ఉండగానే ఆ 300 మీటర్లు దాటేయండి. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నానికి అది మళ్లీ నీడలోకి వెళ్తుంది, కానీ పొద్దుటి ఎండకు వేడెక్కిన మంచు అంతలోనే గట్టిపడిపోదు. అందుకని రానూపోనూ కుడివైపే, వీలైనంత దూరంగా. పాత చరియల మంచు గుట్టలు లోయలో ఎంతవరకు వచ్చి ఆగాయో చూడండి, చెట్లుంటే ఒకవైపు కొమ్మలు విరిగి ఉన్నాయేమో చూడండి. ఆ గీతకు బయట ఉండాలి. అక్కడ విశ్రాంతి, ఫొటోలు ఏమీ వద్దు. ఒకరొకరుగా, మధ్యలో దూరం ఉంచి, మిగతావాళ్లు చూస్తుండగా దాటండి.

గాలి మళ్లీ లేచినా, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగినా ఆ భాగానికి ముందే వెనక్కి తిరగండి. మొదటి రెండు కిలోమీటర్లు కూడా మంచి నడకే.

తాడు_ముడి

పగలు చిన్నది. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే రాసుకోండి, అక్కడ చర్చ పెట్టొద్దు. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ తిరగాలి, కారణం చెప్పాల్సిన పని లేదు.

బేస్‌క్యాంప్_వైద్యం

వెళ్లే ముందు రోజు తవ్వడం కూడా ప్రాక్టీస్ చేయండి. ఒక బ్యాగ్‌లో ట్రాన్సీవర్ పెట్టి మీటరు లోతున పూడ్చి వెతకండి. ప్రోబ్ తగిలాక దాన్ని అలాగే ఉంచాలి. సరిగ్గా దాని మీద నిలబడి తవ్వకూడదు. పూడిన లోతుకి ఒకటిన్నర రెట్లు దూరంలో, వాలు దిగువ నుంచి తవ్వుకుంటూ లోపలికి వెళ్లాలి. మంచుని పైకి ఎత్తి పోయకుండా వెనక్కి తోయండి, సగం శ్రమ తగ్గుతుంది.

కొత్తదారి

నాలుగు పూర్తి సెట్లు అద్దెకు దొరికాయి. ప్రాక్టీస్ రేపు పెట్టుకుంటున్నాం. ఒక చిన్న అనుమానం, ఫోన్‌లో మ్యాప్ చూస్తూ నడవాలి కదా, ట్రాన్సీవర్‌కి ఇబ్బంది అవుతుందా?

హిమయాత్రికుడు

అవుతుందండి. నడిచేటప్పుడు ట్రాన్సీవర్ లోపలి దుస్తుల మీద పట్టీతో కట్టుకుని ఉండాలి, ఫోన్, కెమెరా, హీటెడ్ గ్లవ్స్ లాంటివి దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకోండి. వెతికే మోడ్‌లో ఉన్నప్పుడు 50 సెంటీమీటర్లు, అప్పుడైతే ఫోన్ ఆఫ్ చేయడమే మంచిది. పొద్దున బయల్దేరేముందు ఒకరు ముందు నిలబడి, మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే దాటుతుంటే సిగ్నల్ వస్తోందో లేదో చూడాలి. తర్వాత ఆ ముందు నిలబడ్డవాళ్లది కూడా ఇంకొకరు చూడాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. బ్యాటరీలు కొత్తవి, ఆల్కలైన్‌వి వేయండి, రీచార్జబుల్ వద్దు.